ఎంగిలాకుల గడి

1991 ఏప్రిల్ 14. బాబాసాహెబ్ పుట్టి నూరేళ్ళు నిండిన రోజు. మాది గుంటూరు జిల్లాలో కాలవ కింద ఒక చిన్న టౌను, దాని చివర మా మాలపేట. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. "నాలుగు అక్షరమ్ముక్కలు వచ్చినోడివి, వాలంటీర్లని నువ్వే చూసుకోరా" అని పెద్దలు నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టారు. నలభైమంది కుర్రాళ్ళం. అక్కలు రాత్రంతా కూర్చుని నీలం రిబ్బన్లతో బ్యాడ్జీలు కుట్టారు. అది గుండెకి పెట్టుకుని నేను పేటలో తిరిగిన తిరుగుడు ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది.

నోటుబుక్కులో గళ్ళు గీశాను. పందిరి, మైకు, మంచినీళ్ళు, ఊరేగింపు తాడు, వేదిక మీద దండలు, వడ్డన. దండల గడికి పేర్లు ఎక్కువై కొట్లాట కూడా అయింది. వంట గడిలో 'ఆడవాళ్ళు' అని రాసి ఊరుకున్నాను. వాళ్ళకీ పేర్లుంటాయని తోచనేలేదు. చివరి గడి 'ఆకులు ఎత్తడం'. అది ఖాళీ. ఎవడో ఒకడు ఎత్తుతాడులే అనుకున్నాను. ఆ ఎవడో ఒకడు ఎవడో ఈ దేశంలో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. నాకు తెలియదని ఎట్లా అనను?

మధ్యాహ్నం ఆరు వందల మంది తిన్నారు. పందిట్లో వక్త కులనిర్మూలన గురించి మాట్లాడుతున్నాడు. పందిరి వెనకాల ఇస్తరాకులు గుట్ట పడ్డాయి, కుక్కలు మూగాయి. నేను బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాళ్ళని పిలిచాను. ఒకడు మంచినీళ్ళ డ్యూటీ అన్నాడు. ఇంకొకడు నేరుగానే అన్నాడు, "అన్నా, కొత్త చొక్కా." ఈలోగా మా బాబాయి నన్ను పక్కకి లాగాడు. "ఒరే, మీ తాత దొరల పెళ్ళిళ్ళలో ఎంగిలాకులు ఎత్తాడు, నేనెత్తాను. ఈ ఒక్క రోజన్నా మన పిల్లల నడుం వంచకుండా చూడరా."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇప్పటికీ పూర్తిగా తప్పని అనలేను. ఒకణ్ణి సైకిలిచ్చి రెల్లిపేటకి పంపాను, యాభై రూపాయలిస్తామని చెప్పించి.

ఇద్దరాడవాళ్ళు వచ్చారు. ఒకామె మా అమ్మ ఈడుది. గంపా చీపురూ కింద పెట్టి నా బ్యాడ్జీ వంక చూసింది. "ఏం బాబూ, పొద్దున పండక్కి పిలవలేదు గానీ ఆకులు లేచే ఏలకి గుర్తొచ్చామా? మీక్కూడానా?"

ఆ 'మీక్కూడానా' దగ్గరే నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ఆగిపోయి ఉన్నాను. ఆమె మారు మాట్లాడకుండా ఆకులెత్తేసింది. డబ్బు లెక్కపెట్టుకుంది. అన్నం తినమంటే తినలేదు. కూర మిగిలింది, గిన్నెలో పోస్తామంటే కూడా వద్దంది.

ఇందులో తప్పేముందని నాతో నేను చాలా వాదించుకున్నాను. కూలి ఇచ్చాం, బలవంతం చెయ్యలేదు, తెలిసిన పని తెలిసినవాళ్ళకి అప్పజెప్పాం. కానీ మా తాతకి కూడా దొరలు గింజలు కొలిచే ఇచ్చారు గదా. కులమంటే పనుల్ని పంచుకోవడం కాదు, పనివాళ్ళనే విడగొట్టి ఒకళ్ళ మీద ఒకళ్ళని నిలబెట్టడమని అంబేద్కర్ 1936లోనే తేల్చేశాడు. ఆ పుస్తకం మా వేదిక మీద దండ పక్కనే ఉంది. నా నోటుబుక్కు మాత్రం పందిరి వెనకాల ఉంది.

గాంధీ సంగతి గుర్తొచ్చేది. 1901లో కలకత్తా కాంగ్రెసు సభలకి పోయి, అక్కడ దొడ్ల కంపు చూసి, వాలంటీర్లని అడిగితే అది పాకీవాళ్ళ పని అన్నారట. ఆయనే చీపురు తీసుకుని శుభ్రం చేసుకున్నాడు. మంచిదే. కానీ ఆయన చీపురు పట్టుకుంటే ఆత్మకథలోకి ఎక్కింది. మా బాబాయి పట్టుకుంటే ఎక్కడా ఎక్కలేదు. పుట్టుకతో మెడకి తగిలించిన పనిని గొప్ప సేవ అని పొగడ్డం అంబేద్కర్ కి ఒళ్ళు మండించింది అందుకే. కాబట్టి 'వంగండి, ఎత్తండి, అదే గొప్ప' అని నేను మా కుర్రాళ్ళకి చెప్పలేను. వంగనన్నవాడి మాటలో మూడు తరాల అవమానం ఉంది. అయితే వాడు వంగకపోతే ఆకు గాల్లోకి లేచిపోదు. మా ఆత్మగౌరవం ఆ పూట ఇంకొకామె నడుం మీద నిలబడింది.

ఆ ఏడే ఆగస్టు 6న చుండూరు జరిగింది. మరుసటి ఏడు జయంతి మీటింగులో నేను ఆకుల గడి సంగతి ఎత్తితే, "మనవాళ్ళని నరికి గోతాల్లో మూటగట్టి కాలవలో పారేస్తే నువ్వు ఎంగిలాకుల గొడవ తెస్తావేంట్రా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. పెద్ద శత్రువు తేలాక చిన్నవి చూద్దామన్న మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ మాటే ఊళ్ళో వాళ్ళు మనకి చెప్తారు, స్వాతంత్ర్యం ముందు, కులం తర్వాత అని. అది నాకు ఆలస్యంగా వెలిగింది.

1993లో చీట్లు వేశాం. రెల్లిపేట వాళ్ళని పొద్దున్నే వెళ్ళి పిలిచాం, బ్యాడ్జీలిచ్చాం. నలుగురొచ్చారు. ఆమె రాలేదు. ఆకుల చీటీ బ్యాంకులో ఉద్యోగం చేసే మా పేట అన్నకి తగిలింది. ఆయన నూరు రూపాయలు తీసి "నా బదులు ఎవరన్నా" అన్నాడు. ఎవరూ తీసుకోలేదు. చివరికి ఆయనా నేనూ ఎత్తాం. ఆయన ఏడుస్తూనే ఎత్తాడు. కోపమో, తండ్రి గుర్తొచ్చాడో నేను అడగలేదు. వంట గడిలో పేర్లు రాయిస్తుంటే మా అమ్మ నవ్వింది. "మా పేర్లు రాసి ఏం లాభంరా, మీ పేర్లు కూడా ఈ గడిలో రాయి" అంది. అది రాయలేదు.

2025లో ఆంధ్రలో వర్గీకరణ వచ్చింది. రెల్లికీ దాని తోటి కులాలకీ మొదటి వర్గం, ఒక శాతం. మా పేటలో దాని మీద చాలా మంది కారాలు మిరియాలు నూరారు. వాళ్ళల్లో ఆనాటి వాలంటీర్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు జయంతి పనులు మా అమ్మాయి చూస్తోంది. గళ్ళన్నీ ఫోనులోనే. మొన్న అడిగింది, "నాన్నా, అన్నీ నిండాయి, చివరి గడిలో ఎవర్ని వెయ్యను?" నా పేరు రాయమన్నాను.

"నీకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఒక్కడివి చాలవు, ఇంకా పదకొండు మంది కావాలి" అంది.