సంచి విప్పి చూపడం అవమానమా?

రైల్వే స్టేషన్ ముఖద్వారం దగ్గర సంచిని స్కానర్ మీద పెట్టమని కానిస్టేబుల్ అడిగితే చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ‘నేను దొంగలా కనిపిస్తున్నానా?’ అన్న ప్రశ్న పెదవి దాటకపోయినా ముఖంలో తెలిసిపోతుంది. ఆ నొప్పి వెనుక ఒక ధర్మసందేహం ఉంది. ఏ తప్పూ చెయ్యని మనిషిని అనుమానించవచ్చా? సాటి మనిషిని నమ్మమనే ధర్మానికీ, సంచి విప్పించే భద్రతకూ పొత్తు కుదురుతుందా? కుదురుతుందనే నా నమ్మకం. తనిఖీ వెతికేది సంచిలోని వస్తువును. ఆ సంచి మోసే మనిషి గుణంతో దానికి నిమిత్తం లేదు. ఈ తేడాను ప్రయాణికుడు గ్రహిస్తే కోపం తగ్గుతుంది. తనిఖీ చేసేవాడు మరిచిపోతే మాత్రం అది నిజంగానే అవమానమవుతుంది.

మదురై ప్రమాదాన్నే తీసుకోండి. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున అక్కడి స్టేషన్ దగ్గర నిలిపి ఉంచిన పర్యాటక బోగీలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ బోగీలో ఉన్నది ఉత్తరప్రదేశ్ నుంచి దక్షిణాది పుణ్యక్షేత్రాలు చూడవచ్చిన యాత్రికులు. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి చేర్చిన గ్యాస్ సిలిండరే కారణమని రైల్వే ప్రకటించింది. ఆ సిలిండర్ వెనుక ఎవరికీ హాని తలపెట్టిన బుద్ధి లేదు, వేళకింత వేడివేడి టీ, తిండి అమరాలన్న కోరిక తప్ప. మన శాస్త్రాలు సంకల్పానికి పెద్దపీట వేస్తాయి. కానీ నిప్పు సంకల్పం అడిగి అంటుకోదు. శబరిమల యాత్రాకాలంలో ప్రత్యేక రైళ్లు వేసేటప్పుడు, బోగీల్లో కర్పూరం, అగరుబత్తీలు వెలిగించవద్దని దక్షిణ మధ్య రైల్వే భక్తులకు విన్నవించుకోవలసి వస్తోంది. బెర్తుల మధ్య జానెడు సందు, పైనుంచి వేలాడే తువ్వాళ్లు, కిందంతా ప్లాస్టిక్ సంచులు, వాటి నడుమ పళ్లెంలో మండే కర్పూరం బిళ్ల: రైలు ఒక్క కుదుపు కుదిపితే చాలు. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రమాదకరమైన వస్తువులను అక్రమంగా రైలెక్కించినవారికి మూడేళ్ల దాకా జైలుశిక్ష విధించవచ్చంటుంది. మంచివాళ్లమన్న ధీమాతో ఆ చట్టం మనకు వర్తించదనుకుంటాం.

భగవద్గీత పదహారో అధ్యాయం దైవీ సంపదను ఏకరువు పెడుతూ మొట్టమొదట చెప్పేది అభయాన్ని. జైన, బౌద్ధ సంప్రదాయాల్లోనూ అభయదానం గొప్ప దానమే. ఖురాన్ జకాత్ అందుకోదగినవారిలో బాటసారిని చేర్చింది. దారిదోపిడీకి గురై పడి ఉన్న ప్రయాణికుడిని ఆదుకున్న సమరయుని కథ చెప్పి, పొరుగువాడంటే ఎవరో యేసు బోధించాడు. దారిన పోయేవాడి క్షేమం సాటివాడి పూచీ అని ఇన్ని మతాలు చెబుతున్నాయి. స్లీపర్ బోగీలో పేరైనా తెలియని డెబ్బై, ఎనభై మంది పక్కపక్కనే కళ్లు మూసుకుని నిద్రపోతారు. అంతకు మించిన నమ్మకం ఏముంటుంది? నా సంచిలో మీకు చేటు చేసేదేదీ లేదని చూపడం ఆ నమ్మకానికి నేను చెల్లించే బాకీ. అదీ అభయదానమే.

దీనికి కొందరు భక్తులు చెప్పే అభ్యంతరం ఒకటుంది. నుదుట రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా తప్పదు, భారమంతా దేవుడిదే అంటారు. తన ప్రాణాన్ని దేవుడి చేతిలో పెట్టడం భక్తే, కాదనను. పక్క బెర్తులో నిద్రపోతున్న పసిబిడ్డ ప్రాణాన్ని కూడా మన విశ్వాసం మీద ఒడ్డే అధికారం మనకెవరిచ్చారు?

రెండో అభ్యంతరం మరింత బరువైనది. తనిఖీ పేరుతో గడ్డాన్నీ, టోపీనీ, మాసిన బట్టల్నీ చూసి కొందరినే ఆపుతారన్నది. అది జరిగినచోట తనిఖీ ధర్మం తప్పినట్టే. 2023 జులై 31న జైపూర్–ముంబయి రైల్లో, ప్రయాణికుల రక్షణకు నియమితుడైన రైల్వే రక్షక దళం కానిస్టేబులే తన పై అధికారినీ, ముగ్గురు ముస్లిం ప్రయాణికులనూ కాల్చి చంపాడన్న అభియోగం దేశాన్ని కలచివేసింది. మనిషిని వదిలి మతాన్ని చూసే చూపు కాపలాదారుడికి ఉంటే ఆ కాపలాయే ప్రమాదం. అందుకే నియమం అందరికీ ఒక్కటై ఉండాలి. ఏసీ ఫస్ట్‌క్లాస్ సూట్‌కేసూ, జనరల్ బోగీ గోనెసంచీ ఒకే బెల్టు మీద నడవాలి. ఆడవాళ్లను ఆడ పోలీసులే తనిఖీ చెయ్యాలి. మాటలో మర్యాద ఉండాలి.

ఇంత చేసినా ఫలితం లేదనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. 2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో వరుస పేలుళ్లు 180 మందికి పైగా ప్రాణాలు తీశాయి. 2008 నవంబరు 26న ముష్కరులు తుపాకులతో అదే నగరంలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లోకి చొరబడ్డారు. 202 ముఖ్య స్టేషన్లకు స్కానర్లు, కెమెరాలతో భద్రతా వ్యవస్థను తలపెట్టారు గానీ దేశంలో స్టేషన్లు ఏడు వేల పైమాటే. 2014 మే 1న బెంగళూరు నుంచి గువాహటి వెళ్తున్న రైలు చెన్నై సెంట్రల్‌లో ఆగి ఉండగా బాంబులు పేలి ఒక తెలుగు యువతి చనిపోయింది. దారి పొడవునా అన్ని స్టేషన్లలో ఆగే రైలుకు ఏ ఒక్క గేటూ పూర్తి రక్షణ కాలేదు. అయితే గేటు చాలదన్నది గేటు తీసెయ్యడానికి కారణం కాదు. గేటు చెయ్యలేని పని మనం చెయ్యాలనడానికి కారణం.

కాబట్టి తొలి తనిఖీ ఇంట్లోనే జరగాలి. స్టవ్వు, కిరోసిన్, టపాసులు రైలుకు తేవద్దు. ముఖపరిచయం లేనివాళ్లిచ్చిన పొట్లం పుచ్చుకోవద్దు. దిక్కులేని సంచి కనిపిస్తే ముట్టుకోకుండా 139కి ఫోన్ చెయ్యండి. కర్పూర హారతి గుడి చేరాక ఇవ్వండి. స్కానర్ ముందు సంచి పెట్టమన్నప్పుడు ఇష్టంగా పెట్టండి. మీ ముందున్నవాణ్ని ఒక్కణ్నే వేరుచేసి వేధిస్తుంటే అతని పక్షాన అంతే గట్టిగా నిలబడండి.