కప్పి యుంచిన భోగము

క్రొత్తగా కొనిన సోఫాకు అంగడివారు చుట్టిన ప్లాస్టిక్ తొడుగును ఏండ్లు గడచినను విప్పక, దానిపైననే కూర్చుండి, లోపలి మెత్తని వస్త్రమును ఏనాడును స్పృశింపని గృహస్థులు మన పట్టణములయందు పెక్కురు కలరు. కష్టార్జితమును కాపాడుకొనవలెనను వారి తపన నింద్యము కాదు. లేమి నెరిగిన తరమునకు అది సహజము. కాని ధనమునకు దానము, భోగము, నాశము అను మూడు గతులే కలవని భర్తృహరి నీతిశతకమున నిర్ణయించెను గదా, ఈ ఆచ్ఛాదనము వీనిలో దేనికి చెందును? ఇచ్చుట లేదు, అనుభవించుట లేదు. మిగిలినది మూడవదియే: తీరప్రాంతపు ఉక్కకు తొడుగు క్రింద తేమ నిలిచి బూజు పట్టును; తొడుగును కాలక్రమమున పసుపువారి, పెళుసెక్కి పగులును. ఈశావాస్యోపనిషత్తు ఆదిమంత్రమున త్యాగబుద్ధితో అనుభవింపుమని బోధించినపుడు అనుభవమును నిషేధింపలేదు. అతిథి కొరకని దాచిన ఆసనముపై అతిథియు ప్లాస్టిక్ మీదనే కూర్చుండుట మిక్కిలి శోచనీయము. గృహస్థులారా, ఆ తొడుగులను విప్పివేయుడు.