కనురెప్ప శస్త్రచికిత్స - శ్రావక ధర్మము

"కంటికి రెప్పవలె కాపాడుట" అని మన తెలుగులో ఒక మాట కలదు. బిడ్డను తల్లి, సొమ్మును యజమాని, వ్రతమును శ్రావకుడు కాపాడుకొనవలసిన తీరు చెప్పుటకు అంతకంటె మంచి పోలిక దొరకదు. అయితే వయసు మళ్ళిన కొలది ఆ రెప్పయే కంటికి అడ్డు వచ్చుట కలదు. కాపలావాడు వాకిటికి అడ్డముగా పడుకొన్నట్లు, పై రెప్ప చర్మము సాగి, మడత పడి, కనుపాప మీదికి జారును. ఈ చర్మమును కొంత కోసి తీసి సరిచేయు శస్త్రచికిత్స నేడు విశాఖపట్టణములో కూడ జరుగుచున్నది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మన కొరాపుట్, రాయగడ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిదే గనుక, జబ్బు చేసిన విశాఖ దారి పట్టుట మన కుటుంబములకు తాతల నాటి అలవాటు. అందుచేత ఈ చికిత్స మాట మన ఇండ్లలోనికి కూడ వచ్చినది. దేహముపై మమకారము తగ్గించుకొమ్మను ధర్మమున పుట్టిన మనము దీనిని చేయించుకొనవచ్చునా? చేయించుకొన్నచో దానినుండి ఏమి ఆశింపవలెను? మొదటి ప్రశ్నకు జవాబు చాలవరకు రెండవ ప్రశ్నలోనే ఉన్నదని నా అభిప్రాయము.

రాయగడలో మా బంధువుల ఇంట ఒక పెద్దావిడ కలరు. డెబ్బది ఏండ్లకు దగ్గరగా ఉందురు. ప్రొద్దు క్రుంకక ముందే వంట ముగియవలెను గనుక, మధ్యాహ్నమే చేట ముందు పెట్టుకొని పప్పు, బియ్యము తామే ఏరుదురు. రెండు మూడేండ్లుగా ఎడమ చేతి వ్రేలితో రెప్పను పైకెత్తి పట్టుకొని, కుడి చేతితో ఏరుచుండిరి. కనుబొమలు ఎప్పుడును ఎత్తి యుంచుటచే సాయంకాలమునకు నుదురు నొప్పి. కొడుకులు ఆపరేషను చేయింతుమన్నచో "ముసలిదానికి సోకులేమిటి, నలుగురు నవ్వరా?" అని త్రోసివేసిరి. చివరకు ఒకనాడు కోడలు చేటలో పురుగును చూపినప్పుడు ఆమెయే అన్నారట: "ఇది నాకు కనబడక చచ్చిన, ఆ పాపము ఎవరి ఖాతాలో వ్రాయుదురు?" ఆ మాటతో ఇంట వాదన ముగిసినది.

ఆమె మాటలో మన శాస్త్రము అంతయు ఉన్నది. సాధువు నడచునప్పుడు నాలుగు మూరల మేర నేలను చూచుచు నడువవలెనని ఈర్యాసమితి చెప్పుచున్నది. వస్త్రమును, పాత్రను పరీక్షించి గాని వాడరాదని ప్రతిలేఖన నియమము. రాత్రిభోజనము మానుటకు ఒక ముఖ్య కారణము చీకటిలో సూక్ష్మజీవులు కానరాకపోవుట. అహింసకు మొదటి పనిముట్టు కన్ను. చూపు మందగించినప్పుడు కళ్ళజోడు ధరించు సాధుసాధ్వులను మనము చూచుచునే యున్నాము. దానిని అలంకారమని ఎవరును అనరు. ముని ఆహారము తీసికొనుటను మన పెద్దలు బండి ఇరుసునకు కందెన వేయుటతో పోల్చిరి. సరుకు ఊరు చేరవలెను, అందుకు ఇరుసు తిరుగవలెను. సంతలకు బండ్లు కట్టించిన తాతల మనుమలకు ఈ పోలిక వివరింప నక్కరలేదు. చూపునకు అడ్డు వచ్చు రెప్పను సరిచేయుట కందెన వంటిదే.

వైద్యము చేసికొనుట మన మతమునకు పొసగదని కొందరు అనుకొందురు. అది పొరపాటు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున ఉగ్రాదిత్యాచార్యుడను జైనముని "కల్యాణకారకము" అను వైద్య గ్రంథము రచించెను. మాంసము, మద్యము, తేనె లేకుండ చికిత్స చెప్పుట దాని విశేషము. ఆయన నివసించిన రామగిరి మన పొరుగుననున్న విజయనగరము జిల్లా రామతీర్థమేయని పలువురు పండితుల అభిప్రాయము. తనకు ముందే పూజ్యపాదుడు శాలాక్యము, అనగా కన్ను, చెవి, ముక్కు మొదలగు వాని వైద్యము, చెప్పెనని ఉగ్రాదిత్యుడే స్మరించెను. ఇక రెప్పను కోయుట పాశ్చాత్యుల వింత కాదు. వెంట్రుకలు కంటిలోనికి తిరుగు పక్ష్మకోపమను రోగమునకు, కనుబొమకును రెప్ప వెంట్రుకలకును నడుమ యవగింజ ఆకారమున చర్మమును తీసి, వెంట్రుకతో కుట్టవలెనని సుశ్రుతము చెప్పుచున్నది. ఐరోపాలో ఈ శస్త్రకర్మకు "బ్లెఫరోప్లాస్టీ" అను పేరును జర్మను వైద్యుడు గ్రేఫె వాడినది 1818లో.

ఇంతవరకు చిక్కు లేదు. చూపు బాగుగనే యుండి, ముఖము అలసినట్లు కనిపించుచున్నదని మాత్రమే రెప్ప కోయించుకొనదలచినవారి సంగతి వేరు. దుకాణములో కూర్చున్నవానిని వచ్చినవారెల్ల "రాత్రి నిద్ర లేదా?" అని అడుగుచుండిన అతనికి విసుగు కలుగుట సహజము. ఇది పాపమని నేను అనజాలను. తలకు రంగు వేసికొను మనము రెప్ప దగ్గర మాత్రము అనిత్య భావనను వల్లించుట న్యాయము కాదు. గృహస్థునకు అలంకారము నిషేధము కాదు, పరిమితి కలదు. భోగోపభోగ పరిమాణ వ్రతమున వస్త్రములకు, ఆభరణములకు లెక్క కట్టుకొన్నట్లే దీనికిని కట్టుకొనవలెను. అయితే రంగు వెలిసిపోవును, కోసిన చర్మము తిరిగి రాదు. ఎక్కువ తీసినచో కన్ను పూర్తిగా మూతపడక ఎండిపోవును. కనుక ఇక్కడ లెక్క మరింత జాగ్రత్తగా కట్టవలెను.

నాకు సహింపరానిది వేరొకటి కలదు. పెండ్లిచూపులలో పిల్లను చూచి "రెప్పలు బరువుగా ఉన్నవి, చిన్న ఆపరేషను చేయించిన బాగుండును" అనువారు నేడు బయలుదేరినారు. పుట్టుకతో వచ్చిన, చూపునకు ఏ అడ్డును లేని రెప్పను పరుల కంటి కోసము కోయించుకొమ్మనుట వాక్కుతో చేయు హింస. నందపురము ప్రాంతమున సుబాయిలో మన పురాతన జినబింబములు ఉన్నవి. ధ్యానములోనున్న జినుని రెప్పలు సగము వాలి యుండును. శ్వేతాంబరులు విశాలమైన కన్నులను అమర్చి, అంజనశలాకతో ప్రతిష్ఠ చేయుదురు. రెండు రూపములకును మనము మ్రొక్కుచున్నాము. వాలిన రెప్ప కురూపమని మన పిల్లలకు నేర్పినది ఎవరు?

ఇక చికిత్స సంగతి. ముందు రెప్ప ఏల జారినదో తెలియవలెను. చర్మము సాగుట ఒకటి, రెప్పను ఎత్తు లోపలి కండరము బలహీనమగుట మరియొకటి. రెండింటికి ఆపరేషను వేరు. సాయంకాలమునకు ఎక్కువగా జారి, ఉదయమునకు తేలికపడుచున్నచో అది నరములకు, కండరములకు సంబంధించిన వ్యాధి కావచ్చును. ఒక్కసారిగా ఒక రెప్ప వాలి, వస్తువులు రెండుగా కనబడినను, ఒక కనుపాప పెద్దదైనను క్షణము ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పోవలెను. రెప్పను టేపుతో ఎత్తి ఒకమారు, ఎత్తకుండ ఒకమారు చూపు మేరను కొలుచు పరీక్ష కలదు. అడ్డు నిజముగా ఎంతయో అది చెప్పును. అద్దము ఆ మాట చెప్పజాలదు.

ఆపరేషను సాధారణముగా ఆ చోటు మాత్రమే మొద్దుబారునట్లు సూది ఇచ్చి చేయుదురు. రెండు కండ్లకు సుమారు గంట పట్టును. కోత రెప్ప మడతలోనే పడుట వలన మచ్చ కొన్ని నెలలలో కలిసిపోవును. రెండు వారముల వరకు వాపు, కమిలిన నలుపు ఉండును. మొదటి రెండు మూడు దినములు అద్దము చూచుకొని భయపడనక్కరలేదు. కుట్లు వారము లోపల తీయుదురు. కొన్నాళ్ళు కన్ను పొడిబారును, చుక్కల మందు వాడవలెను. రెండు రెప్పలు అచ్చు ఒక్కటిగా వచ్చునని ఎవరును హామీ ఇయ్యరు; పుట్టుకతోనే అవి సమానము కావు. కంటి చివరి ముడుతలు, కంటి క్రింది నలుపు, జారిన కనుబొమలు దీనితో పోవు. వయసు ఆగదు గనుక చర్మము మరల కొంత సాగును. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తము పలుచబరచు మందులు, రక్తపోటు, మధుమేహము గురించి డాక్టరుతో దాచకుండ చెప్పవలెను. గుండెకు ఇచ్చిన మందును మాత్రము సొంతముగా మానరాదు. చాల అరుదుగా కంటి వెనుక రక్తము చేరి చూపే పోవు ప్రమాదము కలదు. తీవ్రమైన నొప్పి, గ్రుడ్డు ఉబ్బుట, చూపు తగ్గుట కనబడిన అర్ధరాత్రియైనను డాక్టరును లేపవలెను. చూపు కోసము పోయినవాడు ఈ అపాయమును దేనికొరకు మోయుచున్నాడో ఎరుగును. అందము కోసము పోవువాడు బల్ల ఎక్కక ముందే దీనిని తూకము వేసికొనవలెను.

మనవారు ప్రత్యేకముగా అడుగవలసినవి కొన్ని కలవు, అడుగుటకు మొగమాటపడరాదు. కుట్టు దారములలో పట్టు కలదు, పశువుల ప్రేగులనుండి చేయు క్యాట్‌గట్ కలదు. నైలాన్, పాలీప్రొపిలీన్ దారములు జీవహింస లేనివి, రెప్పకు విరివిగా వాడునవి కూడ. ముందే చెప్పినచో డాక్టర్లు సాధారణముగా కాదనరు. మొద్దుబారు మందులో కొందరు హయాలురోనిడేస్ అను పదార్థము కలుపుదురు. అది తరచు పశువులనుండి తీసినదే, దాని అవసరమును అడిగి తెలిసికొనవచ్చును. కాప్స్యూల్ తొడుగు చాలవరకు పశువుల ఎముకలు, చర్మములనుండి తీసిన జెలటిన్. మాత్ర రూపమున అదే మందు దొరుకునేమో అడుగవలెను. చౌవిహారము పాటించువారు మందుల వేళలను పగటికి సర్దవీలగునా యని ముందే మాటాడుకొనవలెను. వీలుకానిచో కుట్లు మానువరకు ఆ నియమమునకు గురుమహారాజుల వద్ద సడలింపు కోరుట, మందు మానుకొనుటకంటె మేలు.

డబ్బు సంగతి కూడ వ్రాయుదును, చాదస్తమనుకొనువారు అనుకొందురు గాక. ఈ కొండలలోని ఖోండులు, సవరలు, పరజలు మన సంతలకు చింతపండు, అల్లము, రాగులు తెచ్చువారు. మన వ్యాపారము వారి మీద నిలిచియున్నది. వారిలో కంటి శుక్లముతో గ్రుడ్డివారైన వృద్ధులు కలరు. శుక్లము తీయు ఆపరేషను చిన్నదియే గాని, వారిని ఆసుపత్రికి చేర్చువారు చాలరు. రాయగడ జిల్లా గిరిజన గ్రామములలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు పరీక్షలు జరిపిరి. కొరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆరంభమైనది. అందము కోసము రెప్ప కోయించుకొనువారు, దానికైన ఖర్చుతో సమానమైన మొత్తమును ఔషధదానముగా ఒకరి శుక్లము తీయించుటకు ఇయ్యవలెనని మన సంఘములు నియమము చేసిన బాగుండును. చూపు కోసము చేయించుకొనువారికి ఈ పన్ను వలదు.

కాలము విషయమై ఒక మాట. పర్యూషణమునకు ముందు దీనిని పెట్టుకొనరాదు. కుట్లు మానువరకు తల వంచరాదు, బరువు ఎత్తరాదు. వందనములు, ప్రతిక్రమణము, ఉపవాసములు ఆ దినములలో కుదరవు. దీపావళి లెక్కలు ముగిసి, కొత్త ఖాతాల పూజ అయిన పిమ్మట అనుకూలము. విశాఖలో చేయించుకొన్నచో ఆ రాత్రియే సాలూరు ఘాటు ఎక్కక, మొదటి రెండు రాత్రులు ఆసుపత్రికి దగ్గరలో, ఇంటివారు ఒకరు తోడుగా, తల ఎత్తుగా పెట్టుకొని పడుకొనవలెను.