పాపాలు బోనులో నిలబడితే

మనం చేసే పాపాలే మనుషులై కోర్టు బోనులో నిలబడితే ఎలా ఉంటుంది? జాన్ బన్యన్ అనే ఇంగ్లీషు రచయిత 1682లో ప్రచురించిన 'హోలీ వార్' అనే కథలో అలాంటి విచారణే ఉంది. ఈయన 'యాత్రికుని ప్రయాణం' రాసినాయనే. దాని ఆధారంగానే మన తమిళనాడులో హెచ్.ఎ. కృష్ణపిళ్ళై 'ఇరట్చణ్య యాత్రికం' అనే కావ్యం రాశారు. అనుమతి లేకుండా ప్రసంగించాడని బన్యన్‌ను సుమారు 12 ఏళ్ళు జైల్లో ఉంచారు. కాబట్టి బోను అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

ఆ కథలో మనిషి ఆత్మ ఒక పట్టణం. కఠిన హృదయం, గర్వం, దొంగ శాంతి మొదలైనవారు అక్కడ నేరస్థులు. దొంగ శాంతిని పేరు పెట్టి పిలిస్తే, "అది నా పేరు కాదు, నా పేరు శాంతి" అంటాడు. అప్పుడు అతన్ని చిన్నప్పటినుంచి ఎరిగిన సాక్షి వచ్చి, వాడి తండ్రి పేరు ముఖస్తుతి అని చెప్పేస్తాడు. కథలో తర్వాత లోభం 'పొదుపు' అని, కోపం 'మంచి ఆసక్తి' అని పేర్లు మార్చుకుని ఇళ్ళలో పనికి చేరతాయి.

మనమూ ఇలాగే చేస్తాం కదా! పరీక్షలో చూపించి రాయించడాన్ని స్నేహం అంటాం. చాడీలు చెప్పి, ఉన్నమాటే అన్నాను అంటాం. పాపం తన సొంత పేరుతో వస్తే ఎవరూ తలుపు తీయరు. అందుకే మంచి పేరు పెట్టుకుని వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నేరం పాపాలదే అయితే మన తప్పేమీ లేదా? దీనికి జవాబు కూడా కథలోనే ఉంది. ఆ పట్టణానికి కన్ను, చెవి మొదలైన ఐదు ద్వారాలు ఉన్నాయి. లోపలివాళ్ళు ఒప్పుకోకపోతే వాటిని బయటివాళ్ళు ఎవరూ తెరవలేరు. అంటే దొంగను రానిచ్చింది ఇంటివాళ్ళే. కాబట్టి బోనులో పాపం ఒక్కటే నిలబడితే చాలదు, తలుపు తీసినవాడు కూడా జవాబు చెప్పాలి.

ఇంకో సంగతి. విచారణ తర్వాత అవిశ్వాసం అనే ఖైదీ జైలు నుంచి తప్పించుకుంటాడు. ఒక్కసారి పశ్చాత్తాపపడితే అంతా అయిపోలేదని దీని అర్థం. కాపలా రోజూ ఉండాలి.

మన ఊరి పేరు ధర్మపురి. పేరులో ధర్మం ఉంటే సరిపోదు, మనసులోనూ ఉండాలి. ఇతరుల తప్పులకు మనం త్వరగా జడ్జీలమైపోతాం. దానికంటే ముందు మన మనసులో పనికి చేరిన వాళ్ళ అసలు పేర్లు అడుగుదాం.