నల్లిబొక్క అలక

నిన్న రాత్రి 'బలగం' మూడోసారి చూశాను. 2023లో వేణు యెల్దండి తీసిన సినిమా. భోజనాల దగ్గర నల్లిబొక్క, అదే మూలుగ ఎముక, వెయ్యలేదని అలిగిన అల్లుడు ఏళ్ల తరబడి అత్తారింటి గడప తొక్కడు! మొదట నవ్వొచ్చింది. ఆనక మా ఇంటి అలకలే కళ్ల ముందు మెదిలాయి. సినిమాలో ఇంటిపెద్ద కొమురయ్య తాత పోయాక పిండం పెడితే కాకి ముట్టదు. ఇంటిల్లిపాదీ ఆ కాకి వైపే చూస్తూ నిలబడతారు. చివర్లో జానపద గాయకులు మొగిలయ్య, కొమురమ్మ గొంతెత్తగానే నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న చూసిన 'కేరాఫ్ కంచరపాలెం' కూడా అంతే. దర్శకుడు వెంకటేశ్ మహా విశాఖలోని ఆ పేట జనంతోనే చాలా వేషాలు వేయించాడు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజు మన వీధిలో మనిషే అనిపిస్తాడు. ఎంత బాగుందో! ఈ ఆదివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూస్తాను.