ముప్పై అయిదు దాటాక టెన్నిస్

వృత్తి టెన్నిస్‌లో 35 ఏళ్లు దాటిన క్రీడాకారులను బలం తగ్గడం కంటే ఆట తర్వాత శరీరం కోలుకోవడానికి పట్టే వ్యవధి పెరగడమే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది కనుక, వారి దినచర్యలో నిద్రకూ, కండరాలను సాగదీసే వ్యాయామానికీ, ఆహార నియమానికీ చోటు పెరుగుతుంది. 2018 అక్టోబరులో తల్లి అయిన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, దాదాపు 26 కిలోల బరువు తగ్గించుకొని 2020 జనవరిలో హోబర్ట్ డబుల్స్ టైటిల్‌తో పునరాగమనం చేయడం, 36వ ఏట ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడడం నిజంగా అబ్బురమే. ఆ ఫైనల్‌లో ఆమె జోడీ అయిన కొడగు వాసి రోహన్ బోపన్న, మోకాళ్లలోని మృదులాస్థి, అంటే ఎముకల మధ్య రాపిడిని ఆపే మెత్తని పొర, అరిగిపోగా అయ్యంగార్ యోగాను ఆశ్రయించి, 43వ ఏట 2024లో అక్కడే పురుషుల డబుల్స్ గెలిచారు. కృష్ణా జిల్లాకు చెందిన మైనేని సాకేత్ 35వ ఏట హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డబుల్స్ రజతం సాధించారు.

ఇక ఆహారం విషయానికొస్తే, అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా, అంటే కండరాలు నిల్వ చేసుకొనే ఇంధనంగా మారుతుంది. సుదీర్ఘమైన ఆటలో అది తరిగిపోతుంది కనుకనే క్రీడాకారులు విరామాల్లో అరటిపండు తింటారు. కోనసీమ కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలమైనా, చెమటలో ప్రధానంగా పోయే సోడియం తక్కువే కాబట్టి, ఎండలో గంటల తరబడి ఆడేవారికి అవి మాత్రమే చాలవు. వయసుతో కండ తరుగుతుంది. అన్నం రాశిగా, మాంసకృత్తులిచ్చే పప్పు నామమాత్రంగా ఉండే డెల్టా కంచం దానిని నిలబెట్టలేదు. రాజమహేంద్రవరంలోనైనా భీమవరంలోనైనా నలభై దాటి రాకెట్ పట్టే శ్రోతలు పప్పు, గుడ్డు, చేపల వాటా పెంచుకోవాలి. మోకాలి నొప్పి ఉంటే వైద్యుడిని సంప్రదించిన తర్వాతే కోర్టులోకి దిగాలి.