పుట్టుకతో వచ్చిన బుద్ధి

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు’ అని ఒక సామెత చెప్పేసి మన పెద్దవాళ్ళు చేతులు దులుపుకున్నారు. భలే సదుపాయమైన సామెత లెండి! ఇంటాయన కాఫీ గ్లాసు తాగినచోటే వదిలేసి లేచినా, ఆడపడుచు మాట తూలినా, పిల్లాడు బారెడు పొద్దెక్కేదాకా ముసుగు తియ్యకపోయినా, ఈ సామెత ఒకటి అడ్డం వేస్తే చాలు. వాళ్ళు మారనక్కర్లేదు, మనం అడగనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, కొత్తకోడలి విషయంలో మాత్రం ఈ సామెత ఎవరికీ గుర్తురాదు. ఆ పిల్ల పాతికేళ్ళు ఎలా పెరిగితేనేం, గడప దాటి లోపలికొచ్చిన మర్నాటినుంచీ పప్పులో ఉప్పు మొదలుకొని మాట్లాడే గొంతుదాకా అన్నీ మార్చుకోవలసిందే. అంటే, బుద్ధి మారుతుందా మారదా అన్నది కాదు మన సమస్య. ఇద్దరికి పొసగనప్పుడు ఎవరు మారాలి? అదీ అసలు ప్రశ్న.

దీనికి నాకు జవాబు ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారు. కంప్యూటర్లో!

మా మేనల్లుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాడు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని ప్రశ్నలు వెయ్యడం నాకు సరదా. “తెరమీద బొమ్మలన్నీ వేసేది ఈ గ్రాఫిక్స్ కార్డే అత్తా. మీట నొక్కగానే ఇది మేలుకోవాలి కదా! ఎలా మేలుకోవాలి, ఫ్యాను ఎంత వేగంగా తిప్పాలి, ఎదుటి తెరని ఎలా పలకరించాలి అన్న నాలుగు ముక్కలూ ఒక చిన్న చిప్పులో రాసి, తయారుచేసేటప్పుడే ఇందులో పెడతారు. అదే ఫర్మ్‌వేర్” అన్నాడు.

ఈ మాటని 1967లో ఆషర్ ఆప్లర్ అనే ఆయన పుట్టించాడట. హార్డ్‌వేర్ శరీరమనీ, సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు మార్చుకునే ఆలోచనలనీ అనుకుంటే, ఈ రెండింటికీ మధ్య గట్టిగా పాతుకుని ఉండేది ఫర్మ్‌వేర్. అంటే స్వభావం! ఒకప్పుడు ఫ్యాక్టరీలో రాసిందే రాత, చెరిపి రాయడం ఉండేది కాదు. ఇప్పుడలా కాదు. ఫ్లాష్ మెమరీ వచ్చాక స్వభావాన్ని కూడా తిరగరాయవచ్చు. మన సామెతకి పెద్ద చిక్కే వచ్చిపడింది.

2018లో జరిగిన సంగతి చూడండి. కంప్యూటరుకీ తెరకీ మధ్య బొమ్మని మోసే పద్ధతుల్లో డిస్‌ప్లే పోర్టు ఒకటి. దానికి 2014లో 1.3 అనీ, 2016లో 1.4 అనీ కొత్త నియమాలు వచ్చాయి. ఆ నియమాల ప్రకారం తయారైన తెరని తగిలిస్తే, ఎన్విడియా కంపెనీవారి కార్డులు కొన్ని తడబడ్డాయి. విండోస్ పూర్తిగా లేచేదాకా తెర నల్లగా ఉండిపోవడమో, లేకపోతే మొదట్లోనే మొత్తం హ్యాంగయిపోవడమో! పాత తెరతో ఏ పేచీ లేకుండా కాపురం చేసిన కార్డే, కొత్త తెర రాగానే మొరాయిస్తుంది. చూసేవాళ్ళేమంటారు? “ఆ తెర అడుగుపెట్టిన వేళావిశేషం!” అంటారు. ఎక్కడో విన్నమాటలా లేదూ?

కంపెనీవారు మాత్రం అలా అనలేదు. లోపం కార్డు స్వభావంలో ఉందని తేల్చి, ఆ ఫర్మ్‌వేర్‌ని దిద్దే ఉపకరణం ఒకటి విడుదల చేశారు. కొత్తగా వచ్చిన తెర మారలేదు. ముందునుంచీ ఇంట్లో ఉన్న కార్డే కొత్తదాని భాష నేర్చుకుంది. అలాగని ఎప్పుడూ పాతవాళ్ళే మారాలని కాదు నేననేది. లోపం ఎవరిదో వాళ్ళు మారాలి. ముందొచ్చారా వెనకొచ్చారా, పెద్దా చిన్నా అన్న లెక్క అక్కడ పనికిరాదు.

ఇంకో ముచ్చట. ఆ ఉపకరణం వస్తూనే దిద్దెయ్యదు. ఈ కార్డుకి అసలు మార్పు అవసరమా అని ముందు చూస్తుంది. అవసరమైతే, “మార్చమంటారా?” అని అడుగుతుంది. మనింటికొచ్చిన పిల్లని మనలో ఎంతమందిమి అలా అడిగాం చెప్పండి?

మా మేనల్లుడైతే ఫర్మ్‌వేర్ జోలికి ఆఖర్న గాని వెళ్ళడు. కంప్యూటరు హ్యాంగవుతోందని ఎవరైనా తెస్తే ముందు మూత విప్పి దుమ్ము దులుపుతాడు. ఫ్యాను తిరుగుతోందా, వేడెక్కిపోతోందా, కరెంటు సరిగ్గా అందుతోందా, కేబులు బాగుందా అని చూస్తాడు. “కార్డులో ఏ దోషమూ ఉండదత్తా, మధ్యలో కేబులు చెడి ఇద్దరికీ పడదు” అన్నాడొకసారి. చాడీలు మోసేవాళ్ళు యంత్రాల్లోనూ ఉన్నారన్నమాట! ఆ తర్వాత డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ మార్చి చూస్తాడు. అప్పటికీ కుదరకపోతేనే స్వభావం మాట.

మనుషుల దగ్గర మనం తలకిందులుగా చేస్తాం. తెల్లారగట్ల అయిదింటికి లేచి, వంటా, ఆఫీసూ, పిల్లల చదువులూ చూసుకుని, రాత్రి తొమ్మిదింటికి ఒక్క మాట విసుక్కున్న మనిషిని “నీ స్వభావమే అంత!” అనేస్తాం. స్వభావం కాదు తల్లీ, అది వేడి! కాస్త గాలి తగలనిస్తే చల్లారుతుంది.

సరే, నిజంగా మారవలసిన మనిషే మారడానికి ఒప్పుకున్నారనుకుందాం. అక్కడితో అయిపోలేదు. ఫర్మ్‌వేర్ తిరగరాసే ఆ కొద్ది నిమిషాలూ కరెంటు పోకూడదు. పోయిందా, పాత రాత చెరిగిపోయి, కొత్త రాత పూర్తికాక, కార్డు అసలే లేవకపోవచ్చు. అందుకే మావాడు ముందుగా పాత రాతకి నకలు తీసి దాచుకుంటాడు. కొన్ని కార్డుల్లోనైతే రెండు రాతలు పెట్టి, ఇటునుంచి అటు మార్చుకోవడానికి చిన్న మీట కూడా అమరుస్తారు.

మారే మనిషికీ అటువంటి సమయం ఒకటుంటుంది. అరవై ఏళ్ళొచ్చాక మొదటిసారి తన గ్లాసు తనే కడిగిపెట్టిన మగవాణ్ణి చూసి “ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడు!” అని ఇంటిల్లిపాదీ నవ్వితే, మర్నాడు ఆ గ్లాసు మళ్ళీ కుర్చీ కిందే ఉంటుంది. కోడలి మాట సబబేనని ఒక అత్తగారు ఒప్పుకున్న పూటే, “ఇన్నాళ్ళకి తెలిసిందా?” అని దెప్పితే ఆవిడ రెండోసారి ఒప్పుకుంటుందా? మారమని పోరుపెట్టేదీ మనమే, తీరా మారబోతుంటే కరెంటు తీసేసేదీ మనమే!

మారడం ఆ మనిషి వంతు, నిజమే. ఆ నాలుగురోజులూ నవ్వకుండా, దెప్పకుండా ఊరుకోవడం మాత్రం మన వంతు. ఈ రెంటిలో ఏది కష్టమంటారు?